ఆరోగ్యశ్రీ మీద ప్లాస్టిక్ సర్జరీ చేసే డాక్టర్ ఎక్కడ దొరుకుతారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: నల్గొండ దగ్గర మిర్చి బండి నడిపే మీ తమ్ముడి చేతి మీద మరిగే నూనె పడింది. పుండు మానింది కానీ వేళ్లు లోపలికి ముడుచుకుపోయి గుప్పిట తెరుచుకోవడం లేదు. ప్లాస్టిక్ సర్జరీ చేయాలన్నారు. హైదరాబాద్‌లో మీరు ఫోన్ చేసిన సర్జన్లందరూ ‘మేం ఆరోగ్యశ్రీ తీసుకోం’ అనేశారు. మా అక్క కూతురికి గంజి వారుస్తుంటే చెయ్యి కాలి సరిగ్గా ఇలాగే అయింది. బావకు పని మానుకుని తిరిగే వీలు లేక ఆసుపత్రి పనులన్నీ నేనే చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు ఆ ఫోన్లు ఆపేయండి. గూగుల్‌లో ప్లాస్టిక్ సర్జన్ అని కొడితే పైన వచ్చేవి చాలావరకు జుట్టు నాటేవాళ్లవి, ముక్కు సరిచేసేవాళ్లవి, పొట్ట తగ్గించేవాళ్లవి. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల వ్యాపారం అది. అసలు ఆరోగ్యశ్రీలో ఒప్పందం ఉండేది డాక్టర్‌తో కాదు, ఆసుపత్రితో. అదీ మొత్తం ఆసుపత్రికి కాదు, విభాగాల వారీగా. గేటు పక్కన ‘ఆరోగ్యశ్రీ సౌకర్యం కలదు’ అని ఇంత బోర్డు ఉన్నా, ఆ ఆసుపత్రికి ఎముకలు, గుండె, కిడ్నీ విభాగాలకే అనుమతి ఉండి ప్లాస్టిక్ సర్జరీకి లేకపోవచ్చు. లోపలికి వెళ్లి ఓపీ చీటీ రాయించుకుని గంటలు కూర్చున్నాక గానీ ఆ సంగతి చెప్పరు.

అందుకే అడగాల్సింది ‘ఆరోగ్యశ్రీ ఉందా’ అని కాదు. ‘ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి ఆరోగ్యశ్రీ ఉందా? ఆ సర్జన్ రోజూ ఇక్కడే ఉంటారా, పిలిస్తే వస్తారా?’ అని అడగండి. రెండో మాట చాలా ముఖ్యం. కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జన్ వారంలో ఏదో ఒక రోజు వచ్చి ఆపరేషన్లు చేసి వెళ్లిపోతారు. చెయ్యి విషయంలో ఆపరేషన్ తర్వాత కట్టు విప్పి చూసేది, అతికించిన చర్మం పట్టిందా లేదా చెప్పేది ఆయనే అయితే మంచిది.

ఈ ప్రశ్న ప్రభుత్వ ఆరోగ్య హెల్ప్‌లైన్ 104కు ఫోన్ చేసి అడగండి. మీ జిల్లాకు దగ్గరలో ప్లాస్టిక్ సర్జరీకి అనుమతి ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రుల పేర్లు చెప్పమనండి. అంతకంటే నాకు బాగా పనికొచ్చింది ఆరోగ్యమిత్ర, అంటే ఆరోగ్యశ్రీ తరఫున ఆసుపత్రిలో ఉండే మనిషి. ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రిలో, మామూలుగా ఓపీ దగ్గర్లోనే, చిన్న బల్ల, కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంటారు. జనం కార్డు చూపించడానికి మాత్రమే వాళ్ల దగ్గరికి వెళ్తారు. కానీ ఏ ఆసుపత్రిలో ఏ కేసు నడుస్తుందో, ఏది ఆగిపోతుందో అక్కడి డాక్టర్ల కంటే వాళ్లకే ఎక్కువ తెలుసు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్లి నెమ్మదిగా అడిగితే, మా ఊరి దగ్గరి ఆసుపత్రిలో ఉన్న ఆవిడ ‘ఇక్కడ టైమ్ వేస్ట్ చేసుకోకండి, హైదరాబాద్ సర్కారు దవాఖానాకు తీసుకెళ్లండి, కాలిన చేతులు వాళ్లు రోజూ చూస్తారు’ అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది.

నా సలహా కూడా అదే. ఉస్మానియా, గాంధీ, నిమ్స్, మూడింట్లోనూ ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ఆంధ్రా వైపు నుంచి ఇది చదువుతున్నవాళ్లకు విశాఖ కేజీహెచ్‌లో, గుంటూరు జీజీహెచ్‌లో ఉన్నాయి. సర్కారు దవాఖానా అనగానే మొహం చిట్లించే బంధువులు మీకూ ఉంటారు, మాకూ ఉన్నారు. అయితే కాలిన కేసులు, యాక్సిడెంట్ కేసులు ఎక్కువగా చేరేది అక్కడే కాబట్టి ముడుచుకుపోయిన చేతుల విషయంలో అక్కడి సర్జన్లకున్న అలవాటు వేరు. కష్టమల్లా వెయిటింగ్. ప్రాణం మీదికి వచ్చిన కేసులు ముందు, మనలాంటివి తర్వాత. తేదీ ఇచ్చి వాయిదా వేయడం మామూలే, దానికి సిద్ధపడి వెళ్లండి.

ఇక ప్రైవేటులో చేయించినా సర్కారులో చేయించినా కేసు అప్రూవ్ కావడం అన్నది డాక్టర్ కాగితం మీద ఏం రాస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. అందం కోసం చేసే సర్జరీకి ఆరోగ్యశ్రీ రాదు. కాలిన గాయాలు, కాలాక వేళ్లు, కీళ్లు ముడుచుకుపోవడం, గ్రహణం మొర్రి లాంటివి వస్తాయి. మీ తమ్ముడిది పోస్ట్ బర్న్ కాంట్రాక్చర్ అంటారు, అంటే కాలిన చోట చర్మం బిగుసుకుని కీలును లాగేయడం. డాక్టర్ గదిలోకి వెళ్లగానే ‘మచ్చ పోవాలి సార్, పెళ్లి చేయాలి’ అని మొదలుపెట్టకండి. మా అక్క అదే అనబోతే నేను ఆపాను. పాప ఆ చేత్తో ముద్ద కలపలేకపోతోంది, జడ వేసుకోలేకపోతోంది, పెన్ను పట్టుకోవాలంటే ఎడమ చేత్తో వేళ్లు విడదీసుకుంటోంది అని చెప్పాను. ఉన్నదే చెప్పాను, కల్పించిందేమీ లేదు. డాక్టర్ బల్ల మీద చెయ్యి బోర్లా పెట్టమన్నారు, అరచేయి ఆనలేదు. ఒక్కో వేలు ఎంతవరకు తెరుచుకుంటుందో కొలిచి రాసుకున్నారు, అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయించారు. ఆ ఫొటోలు, ఆ కొలతలే ఆరోగ్యశ్రీని నడిపే ట్రస్ట్‌కు వెళ్తాయి. మీ తమ్ముడు జాలీగంటె పట్టుకోగలడా, డబ్బులు లెక్కపెట్టగలడా, బైక్ క్లచ్ నొక్కగలడా, ఇవి ముందే ఆలోచించుకుని వెళ్లండి.

కాలి ఎన్నాళ్లయిందన్నది కూడా అడుగుతారు. మచ్చ ఎర్రగా, గట్టిగా ఉన్నంతకాలం కొందరు డాక్టర్లు ఆగమంటారు, మెత్తబడటానికి ఏడాది దాకా పట్టొచ్చు. అయితే వేళ్లు మరీ లాగేస్తున్నా, కనురెప్ప మూసుకోకపోయినా అంతకాలం ఆగరు. ‘తర్వాత రండి’ అంటే వదిలించుకున్నారని అనుకోకండి, ఈలోగా ఏం వ్యాయామం చేయాలో అడిగి రాయించుకోండి.

డాక్టర్ చదువు చూసుకోవడం మర్చిపోవద్దు. ప్లాస్టిక్ సర్జన్ అంటే ఎంబీబీఎస్, ఆ తర్వాత జనరల్ సర్జరీ, దాని తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ చేసినవాళ్లు. ఉత్త ‘కాస్మెటిక్ సర్జన్’ అన్న బోర్డు చూసి నమ్మేయకండి. రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటే నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు వెతుక్కోవచ్చు. మనం అనుమానిస్తున్నామని ఎవరూ ఏమీ అనుకోరు.

డబ్బు సంగతి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా ఉంది, కాబట్టి పరిమితి దాటుతుందన్న టెన్షన్ అక్కర్లేదు. పరీక్షలు, ఆపరేషన్, మందులు, భోజనం ప్యాకేజీలోకే వస్తాయి. పైన డబ్బు కట్టమంటే కట్టకండి. మేం మొదట వెళ్లిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ‘స్పెషల్ డ్రెస్సింగ్ మెటీరియల్ ప్యాకేజీలో రాదు, విడిగా కట్టాలి’ అన్నారు. రసీదు ఇస్తారా అని బావ అడిగితే మాట మార్చేశారు. అలాంటప్పుడు గొడవ పెట్టుకోకుండా ఆరోగ్యమిత్రకు చెప్పండి, అక్కడ తేలకపోతే 104కు ఫిర్యాదు చేయండి. ఇంకో మాట, బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేయడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. బస్సెక్కే ముందు కేసులు తీసుకుంటున్నారో లేదో కనుక్కోండి.

కానీ ప్యాకేజీలో రాని ఖర్చు ఒకటుంది, ఎవరూ ముందు చెప్పరు. మా పాపకు వేళ్ల దగ్గర బిగుసుకున్న చర్మాన్ని కోసి విడదీసి, తొడ మీంచి పల్చటి చర్మం తీసి అతికించారు. ఆపరేషన్ బాగా జరిగింది. అసలు పని ఇంటికొచ్చాకే. రాత్రంతా చేతికి స్ప్లింట్, అంటే వేళ్లు చాపి ఉంచే గట్టి పట్టీ, కట్టుకుని పడుకోవాలి, లేకపోతే అతికించిన చర్మం కూడా మళ్లీ ముడుచుకుంటుంది. ఆ ప్లాస్టిక్ స్ప్లింట్ వెల్‌క్రో పట్టీలు కొన్నాళ్లకే పీచులు లేచి ఊడిపోయేవి, టైలర్ దగ్గర కొత్తవి కుట్టించేవాళ్లం. బిగుతుగా ఉండే ప్రెషర్ గ్లవ్ వేరే కొన్నాం. ఫిజియోథెరపీ అమ్మాయి చపాతీ పిండి పిసికించమంది, అక్క రోజూ పాపతోనే పిండి కలిపించేది. దురదకు కొబ్బరి నూనె రాసి మెల్లగా మర్దన చేసేది. బస్సు చార్జీలు, తోడు వచ్చినవాళ్ల కూలి నష్టం సరేసరి. పిల్లలైతే ఎదిగే కొద్దీ మళ్లీ ఆపరేషన్ అవసరం పడొచ్చని మాకు డాక్టర్ ముందే చెప్పారు. మీ తమ్ముడు పెద్దవాడు కాబట్టి ఆ బాధ తక్కువ. కానీ బండి మీద మళ్లీ నిలబడటానికి కొన్ని నెలలు పడుతుందని ఇంట్లో అందరికీ ఇప్పుడే చెప్పేయండి.

కార్డు లేకపోతే? నిమ్స్ లాంటి చోట్ల సీఎం రిలీఫ్ ఫండ్ కింద ఎల్ఓసీ, అంటే ఖర్చు ప్రభుత్వం ఆసుపత్రికి కడుతుందన్న హామీ పత్రం, తెచ్చుకుని చేయించుకునేవాళ్లున్నారు. ఎమ్మెల్యే ఆఫీసులో అడిగితే దారి చెబుతారు. ఆసుపత్రి ఇచ్చే ఎస్టిమేట్ చేతిలో లేకుండా మాత్రం వెళ్లకండి. తమ్ముడు ఏదైనా కంపెనీలో చేసి ఈఎస్ఐ ఉండి ఉంటే సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలోనూ అడగండి. మొర్రి ఉన్న పిల్లల కోసం ఇది చదువుతున్నవాళ్లు ఎవరైనా ఉంటే, స్మైల్ ట్రెయిన్ సంస్థతో కలిసి పనిచేసే ఆసుపత్రుల్లో ఏ కార్డూ లేకుండానే ఉచితంగా చేస్తారు.

చివరిగా, బయల్దేరే ముందు రేషన్ కార్డులో తమ్ముడి పేరు ఉందో లేదో, ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూడండి. పెళ్లయి వేరు పడి కొత్త కార్డుకు పెట్టుకుంటే పాత కార్డులోంచి పేరు పోయి, కొత్తది ఇంకా రాక మధ్యలో ఇరుక్కుంటారు. ఓపీ చీటీలు, మొదట్లో కాలినప్పటి డిశ్చార్జి కాగితం, ఫోన్‌లో ఉన్న అప్పటి ఫొటోలు ఒక కవర్లో పెట్టుకోండి. కార్డులో పేరు తేడా ఏమైనా కనిపిస్తే ఇక్కడే రాయండి, మా బావది కూడా అలాగే సరిచేయించాం.