నెట్ సెంటర్ పాత పెట్టెతో ఇంటి సినిమా

ప్రశ్న: అయ్యా, నమస్కారం. కడపలో చాలా ఏళ్లు నడిపిన నెట్ సెంటర్‌ను మూసేశాక నా దగ్గర మూడు పాత సీపీయూలు మిగిలాయి. ఒకటి కోర్ 2 డ్యుయో, ఒకటి ఐ3-2100, ఒకటి ఐ5-6500. నాలుగు 500 జీబీ హార్డ్ డిస్కులు, కొన్ని రామ్‌లు, రెండు డీవీడీ డ్రైవులు కూడా ఉన్నాయి. ఇంట్లో 43 అంగుళాల 4కే టీవీ ఉంది. మా నాయనకు పాత సినిమాలంటే ప్రాణం. మా పెళ్లి, మా అక్క పెళ్లి వీసీడీలు కూడా చూడాలని ఇంట్లో అందరికీ ఉంది. ఈ సామానుతోనే టీవీకి తగిలించే కంప్యూటర్ తయారు చేసుకోవచ్చా? కొత్తగా ఏం కొనాల్సి వస్తుంది? — ఒక పాఠకుడు, కడప

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. ఐ5-6500 ఉన్న పెట్టెను తీసుకోండి. ఇటువంటి పనికి చాలామంది ప్రాసెసర్ వేగాన్ని, రామ్ పరిమాణాన్ని చూసి పెట్టెను ఎంచుకుంటారు గాని, సినిమా చూడడానికి ఆ రెండింటితో పెద్దగా పని ఉండదు. వీడియో ఫైలు కుదించి ఉంటుంది. ఆ కుదింపును విప్పే ప్రత్యేక భాగం గ్రాఫిక్స్‌లో ఉందా, ఉంటే ఏ రకం కుదింపును విప్పగలదు అన్నదే చూడాలి. 2011లో వచ్చిన ఐ3-2100, హెచ్.264 అనే కుదింపు రకం ఫైళ్లను సునాయాసంగా విప్పుతుంది. దాని తరువాతి రకమైన హెచ్.265 దగ్గరికి వచ్చేసరికి భారమంతా ప్రాసెసర్ మీదే పడి, పెద్ద ఫైళ్లలో బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. 2015లో వచ్చిన ఐ5-6500 హెచ్.265లో 8 బిట్ ఫైళ్లను గ్రాఫిక్స్‌తోనే విప్పుతుంది. రంగుల మెట్లు ఇంకా ఎక్కువ ఉండే 10 బిట్ ఫైళ్లను పూర్తిగా విప్పే శక్తి ఆ తరువాతి ఏడవ తరం ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చినప్పటికీ, 1080పీ వరకు మీ ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లు ఆ పనిని మోయగలవు. 4కే 10 బిట్ ఫైళ్ల కోసం గ్రాఫిక్స్ కార్డు కొనకండి. వాటిని పెన్ డ్రైవ్‌లో వేసి నేరుగా టీవీకే పెట్టండి.

ఐ3ని వద్దనడానికి ఇంకో కారణం ఉంది. ఈ రోజు మనకు దొరికే సినిమా ఫైళ్లలో చాలా భాగం సెకనుకు 23.976 ఫ్రేములతో ఉంటాయి. ఐ3-2100లోని గ్రాఫిక్స్ సరిగ్గా ఆ వేగాన్ని ఇవ్వలేక 24 ఇస్తుంది. ఈ చిన్న తేడా వల్ల ఇంచుమించు 40 సెకన్లకు ఒకసారి ఒక ఫ్రేము రెండుసార్లు పడి, కెమెరా నెమ్మదిగా పక్కకు జరిగే దృశ్యాలలో చిన్న కుదుపు కనిపిస్తుంది. ఒకసారి కంటికి పట్టుబడిందంటే ఇక సినిమా మీద మనసు నిలవదు. ఐ5లో కూడా ఈ వేగాన్ని మీరే అమర్చాలి: సినిమాలు చూపించే కోడీ అనే ప్రోగ్రామ్ సెట్టింగులలో ‘అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్’ అన్నదాన్ని ఆన్ చేస్తే, ఏ ఫైలుకు ఆ ఫైలు వేగానికి తగినట్లు టీవీ మారుతుంది. మామూలు సమయంలో మాత్రం 1080పీ, 60 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. ఆ తరం బోర్డులలో సాధారణంగా ఉండే హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు 4కే బొమ్మను సెకనుకు 30 సార్లకు మించి పంపలేదు కనుక, 4కేలో ఉంచితే మెనూలు బరువుగా కదులుతాయి.

రామ్ విషయంలో ఒక జాగ్రత్త చాలు. ఐ3 బోర్డుది డీడీఆర్3, ఐ5 బోర్డుది ఎక్కువగా డీడీఆర్4. గాడి ఉండే చోటు వేరు కనుక దానిది దీనికి పట్టదు, బలవంతంగా నొక్కకండి. 4 జీబీ ఉంటే ఈ పనికి సరిపోతుంది.

కొత్తగా కొనాల్సినది, కరెంటును కంప్యూటర్‌కు తగినట్లు మార్చి ఇచ్చే ఎస్‌ఎంపీఎస్. డబ్బు మిగలాలని మిగతావన్నీ పాతవి వాడండి, నేను కాదనను. ఇది మాత్రం పాతది వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. చౌక క్యాబినెట్‌తో వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని అచ్చు వేసి ఉన్నా, అంత శక్తి అందులో ఉండడం అరుదు. పైగా కడప ఎండల్లో ఏళ్ల తరబడి పగలంతా నడిచిన దానిలో కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. మదర్‌బోర్డు మీద కూడా పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ బోర్డును వదిలేయండి. కార్డు లేకుండా మీ పెట్టె మొత్తం 100 వాట్ల లోపే తీసుకుంటుంది కనుక, కరెంటు వృథా తక్కువని తెలిపే 80 ప్లస్ గుర్తు ఉన్న చిన్న ఎస్‌ఎంపీఎస్ చాలు.

దీనికి ముందు ఎర్తింగ్ చూపించుకోండి. ఎర్త్ సరిగా లేని ఇంట్లో క్యాబినెట్‌ను ముట్టుకుంటే జిల్లుమంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు పోవడానికి దారి లేక ఇనుప పెట్టె మీద నిలిచి ఉంటుంది. ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే అది టీవీ గుండా దారి వెతుక్కుంటుంది. కర్నూలులో మా ఇంట్లో ఒక టీవీ పోర్టు ఇలాగే కాలిపోయింది. అప్పటి నుంచి రెండింటి ప్లగ్గులు తీశాకే కేబుల్ ముట్టుకుంటున్నాను. మన సీమలో వేసవి వచ్చేసరికి ఎర్త్ గుంత ఎండిపోతుంది. దానిలో అప్పుడప్పుడు నీళ్లు పోయడం మరవకండి.

హార్డ్ డిస్కులను, వాటి ఆరోగ్యం చూపే విండోస్ ప్రోగ్రామ్ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో పరీక్షించండి. రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (చెడిన, చదవడానికి మొరాయిస్తున్న భాగాల) లెక్క సున్నా కాని డిస్కును పక్కన పెట్టండి. పెళ్లి వీడియోలు మంచి డిస్కులు రెండింటిలో, రెండు ప్రతులుగా ఉండాలి. వీసీడీలను ఆలస్యం చేయకుండా ఈ వారమే కాపీ చేయండి. ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లో ఉండే డ్యాట్ ఫైలే మీ పెళ్లి. వీసీడీలో వీడియో రాసే పద్ధతిలో, మామూలు డేటా సీడీలో ఉండే తప్పులు దిద్దుకునే అదనపు సమాచారం ఉండదు; అందుకే గీత పడిన చోట కాపీ ఆగిపోతుంది. అలా ఆగితే ఐసోబస్టర్ వంటి ప్రోగ్రామ్‌తో, రెండవ డ్రైవులో కూడా పెట్టి ప్రయత్నించండి. ఒక డ్రైవు చదవలేని డిస్కును ఇంకొకటి చదవడం మామూలే. బొమ్మ 352×288 చుక్కలే కనుక దాన్ని టీవీ నిండా సాగదీయకుండా, పక్కన నల్లపట్టీలతో అలాగే చూడండి. అప్పుడే ముఖాలు ముఖాల్లా ఉంటాయి.

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదవ తరం కంటే పాత ఇంటెల్ ప్రాసెసర్లను, కొన్ని మినహాయింపులు తప్ప, ఒప్పుకోదు. అందువల్ల లిబ్రెఎలెక్ అనే లినక్స్ వ్యవస్థను వేయండి. ఉచితం, కోడీతో కలిసే వస్తుంది, ఒక పెన్ డ్రైవ్ నుంచి ఎక్కించవచ్చు. ఆండ్రాయిడ్ ఫోనులో కోరే అనే యాప్ వేసుకుంటే రిమోట్ కూడా కొననక్కరలేదు. ఓటీటీలను మాత్రం టీవీలోని యాప్‌లలోనే చూడండి. లినక్స్ మీద వాటిలో చాలా భాగం పూర్తి స్పష్టత ఇవ్వవు. కరెంటు బిల్లు గురించి భయం వద్దు. 50 వాట్ల చొప్పున రోజుకు 4 గంటలు నడిచినా నెలకు 6 యూనిట్లే.

ప్రశ్న: ఇలాంటి కంప్యూటర్‌నే తయారు చేసి, టీవీ కింద కడప బండలు పరిచిన గూటిలో పెట్టాను. గంట గడిచేసరికి ఫ్యాన్ హోరులో మాటలు వినపడడం లేదు. — ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: బండ చల్లగా ఉంటుంది గాని, మూడు వైపులా మూసిన గూటిలో వేడిగాలి ఎటూ పోదు, ఫ్యాన్ అదే గాలిని మళ్లీ మళ్లీ పీల్చుకుంటూ వేగం పెంచుకుంటుంది. పెట్టెను బయటికి తీసి వెనుక జానెడు ఖాళీ వదలండి. ప్రాసెసర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఎండిపోయిన పాత థర్మల్ పేస్టును తుడిచి కొత్తది బియ్యపు గింజంత వేయండి. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్మును బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. అప్పటికీ చప్పుడు తగ్గకపోతే, 80 మిల్లీమీటర్ల క్యాబినెట్ ఫ్యాన్ తీసేసి, చోటుంటే నెమ్మదిగా తిరిగే 120 మిల్లీమీటర్లది బిగించండి. పెద్ద రెక్కలు తక్కువ వేగంతోనే అంత గాలిని తోస్తాయి.

ప్రశ్న: పాత 5.1 స్పీకర్లు ఉన్నాయి. వాటికి మూడు పిన్నులు ఉన్నాయి గాని, బోర్డుకు ఉన్న మూడు రంధ్రాలలో స్పీకర్లది ఒకటే, మిగతా రెండూ మైకుకు, లైన్-ఇన్‌కు. పనికొస్తాయా? — ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పనికొస్తాయి. 5.1 ఎంచుకోగానే ఆ మూడు రంధ్రాల పని మారుతుంది: ఆకుపచ్చది ముందు స్పీకర్లకు, నీలం రంగుది వెనుక స్పీకర్లకు, గులాబీ రంగుది మధ్య స్పీకరుకూ సబ్‌ఊఫర్‌కూ. కోడీలో ఆడియో అవుట్‌పుట్‌ను హెచ్‌డీఎంఐ నుంచి అనలాగ్‌కు మార్చి, ఛానళ్లను 5.1గా పెట్టి, పాస్‌త్రూ (శబ్దాన్ని విప్పకుండానే బయటికి పంపే పద్ధతి) ఆపేయండి. మాటలు వెనుక స్పీకర్ల నుంచి వస్తుంటే నీలం, గులాబీ పిన్నులు తారుమారైనట్లే.