ఫారంపాండ్‌లో నాటు మార్పు చేపలు పెంచవచ్చా?

ప్రశ్న: హంద్రీ వంకల్లో, ఊరి చెరువులో ఒకప్పుడు మెండుగా దొరికిన మార్పు చేపలు ఇప్పుడు కంటికి కనిపించడం లేదు. వాటిని నా ఫారంపాండ్‌లో పెంచాలనుకుంటున్నాను. ఆరు నెలల్లో కిలో తూగే మార్పు పిల్లలు తెచ్చిస్తానని ఒక వ్యాపారి అంటున్నాడు. కొనవచ్చా?
– ఒక రైతు, కోడుమూరు, కర్నూలు జిల్లా

జవాబు: కొనవద్దు. నాటు మార్పు ఎనిమిది, పది నెలలు మేపినా సాధారణంగా 100 నుంచి 200 గ్రాములే తూగుతుంది కనుక, ఆరు నెలల్లో కిలో అయ్యేది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ గాని, దాని సంకరం గాని అయి ఉంటుంది. ఈ రకం పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లోనే నిషేధించింది. ఎదిగిన చేప దొరికితే తల వెనుక పుర్రె ఎముక అంచును వేలితో తడిమి చూడండి. నాటు రకంలో అది ఒకే మొనగా సన్నబడుతుంది, ఆఫ్రికన్ రకంలో మూడు మొనలుగా ఉంటుంది. వేలెడంత పిల్లల్లో ఈ తేడా అంత సులువుగా తెలియదు, వ్యాపారులకు కలిసివచ్చేది కూడా అదే.

నాటు మార్పును అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంతరించే ప్రమాదమున్న జాబితాలో చేర్చింది. నీటిలో ప్రాణవాయువు తగ్గినా పైకి వచ్చి గాలి పీల్చుకుని బురద మడుగులో సైతం బతకగల ఈ చేపకు నీటి కొరత కన్నా గుడ్లు పెట్టే చోటు పోవడమే పెద్ద దెబ్బ. తొలకరి నీటితో నిండే కుంటల్లో, వరిమళ్లలో, ఒడ్డు వారగా గడ్డి ఉన్న లోతులేని చోట గుంత చేసుకుని గుడ్లు పెడుతుంది, మగచేప కాపలా ఉంటుంది. వంకల ఒడ్డులు చెక్కి, ఇసుక తోడి, కుంటలు పూడ్చి, మళ్లలో పురుగుమందులు కొట్టిన తరువాత దానికి ఆ చోటు మిగలదు. దానికి తోడు వరదలో కట్ట దాటిన ఆఫ్రికన్ రకం మిగిలిన పిల్లలను కూడా తినేస్తుంది.

పెంచాలన్న మీ ఆలోచన మంచిదే. విత్తనం, అంటే చేప పిల్లల కోసం జిల్లా మత్స్యశాఖ కార్యాలయం ద్వారా, విజయవాడలోని కేంద్ర మంచినీటి జీవుల పెంపక సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని సంప్రదించండి. మగచేపను కోసి వీర్యం తీయవలసి రావడం వల్ల దీని పిల్లల ఉత్పత్తి కష్టం, ధర కూడా ఎక్కువే. గాలి కోసం మాటిమాటికీ పైకి రావలసిన చేప కనుక పాండ్ ఎంత లోతున్నా నీటిని మీటరుకు మించి నింపకండి. వాన రాత్రుల్లో పాకుతూ బయటికి పోతుంది కాబట్టి కట్ట చుట్టూ వల కట్టండి. ఒకవేళ ఆ వ్యాపారి తెచ్చిన చేప పిల్లలను ఇప్పటికే వేసి ఉంటే వంకలోకి వదలకుండా, పాండ్ ఎండగట్టి, పట్టి పూడ్చిపెట్టండి.