ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేశాక అంబాసిడర్ చక్రాలు పట్టేస్తుంటే

భీమవరంలో బయల్దేరి పాలకొల్లు చేరేసరికి ముందు చక్రాలు పట్టేసి కాలిపోతున్నాయంటే, కొత్త క్యాలిపర్లను (డిస్కును ప్యాడ్లతో నొక్కిపట్టే భాగాలు) తిట్టకండి. డ్రమ్ బ్రేకులకున్న పాత మాస్టర్ సిలిండరే (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకు నెట్టేది) ఉంచారు కదా, పెడల్ వదిలాక లైన్లో ప్రెషర్ దిగట్లేదు.

1. పట్టేసినప్పుడే జాకీ వేసి, క్యాలిపర్ మీదుండే బ్లీడ్ నిపుల్‌కి (ఆయిల్, గాలి బయటికి వదిలే స్క్రూ) ట్యూబు తగిలించి పావు చుట్టు వదలండి. చక్రం తిరిగితే లైన్లో ప్రెషర్ నిలిచినట్టే. తిరక్కపోతే క్యాలిపర్ పిస్టనో, క్యాలిపర్ జరిగే స్లైడ్ పిన్నో బిగుసుకుంది.

2. అందరూ వదిలేసేది పుష్‌రాడ్ (పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌ని నెట్టే కడ్డీ) ఫ్రీ ప్లే, అంటే దాని వదులు. పెడల్‌ని చేత్తో నొక్కితే, రాడ్ మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ని తాకేముందు సుమారు 1 మి.మీ. వదులు తెలియాలి. అది లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు. రిజర్వాయర్‌లోకి (బ్రేక్ ఆయిల్ డబ్బా) వెళ్లే సన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. ఆయిల్ వేడెక్కి ఉబ్బేకొద్దీ బ్రేకు తనంతట తనే పడుతుంది. లాక్‌నట్ వదిలి రాడ్ కాస్త పొట్టి చేయండి. చాలా బళ్లు ఇక్కడే బాగుపడతాయి.

3. అప్పటికీ పడుతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రెసిడ్యువల్ వాల్వ్ (పెడల్ వదిలాక కూడా లైన్లో కొంచెం ప్రెషర్ నిలిపేది) చూడండి. డ్రమ్ములకు 10 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) సరే, డిస్కులకు ఎక్కువ. దాన్ని తీసేసి, వెనక డ్రమ్ లైన్లో మాత్రం 10 పీఎస్ఐది విడిగా వేయండి. సిలిండర్ ఫ్లోరు కింద ఉంటే ముందు లైన్లో 2 పీఎస్ఐది కావాలి.

మళ్లీ బ్లీడ్ చేసేటప్పుడు (లైన్లో గాలి తీసేటప్పుడు) సీలున్న డాట్ 4 బ్రేక్ ఆయిల్ డబ్బానే వాడండి. మూత తీసిన పాతది మన డెల్టా గాలికి తేమ తాగేసి ఉంటుంది.