ఉలవలు కాదు, ముందు గడ్డి చూడండి

ప్రశ్న: మాది లంబసింగి దగ్గర పల్లె. టూరిస్టులను ఎక్కించుకు తిప్పే గుర్రం ఒకటుంది. ఈ చలికి తెల్లవారుజామున వణుకుతోంది. ఉలవలు రెండింతలు పెట్టమని మా బావ, గ్లాసుడు బ్రాందీ పట్టమని ఇంకొకాయన చెబుతున్నారు. రెండు రోజులుగా లద్దె గట్టిగా, చిన్న చిన్న ఉండలుగా పడుతోంది. ఇంట్లో వరిగడ్డి, మొక్కజొన్న ఉన్నాయి. ఏం పెట్టమంటారు?
- ఒక పాఠకుడు, చింతపల్లి మండలం

జవాబు: బ్రాందీ మాట మరిచిపోండి బాబూ. అది తాగితే చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని ఒంట్లో ఉన్న వేడి కూడా బయటికి పోతుంది.

గుర్రానికి పొయ్యి పెద్దపేగులో ఉంటుంది. అక్కడి సూక్ష్మజీవులు గడ్డిలోని పీచును పులియబెడుతుంటే గంటల తరబడి వేడి పుడుతుంది. రాత్రి పడుకునే ముందు మీరు వేసిన గడ్డే తెల్లవారుజామున దాన్ని కాపాడుతుంది. ఉలవలు ఉడికించి, ఎప్పుడూ పెట్టేంతే పెట్టండి. ఒక్కసారిగా పెంచితే అరగని పిండిపదార్థం పెద్దపేగులోకి దిగి పులుస్తుంది. శూల వస్తుంది, డెక్కలు వాచి కుంటుతుంది. గుర్రం వాంతి చేసుకోలేదు, లోపలికి పోయిందంటే పోయినట్టే.

ఎంత గడ్డి అంటారా? టేపు తీసుకుని ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ ఒక కొలత, భుజం ముందు అంచు నుంచి పిరుదు చివరి దాకా ఇంకో కొలత తీయండి, సెంటీమీటర్లలో. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగించండి. 140, 135 వచ్చాయనుకోండి, బరువు సుమారు 223 కిలోలు. అంతటి గుర్రానికి మామూలుగా రోజుకు నాలుగున్నర కిలోల ఎండుగడ్డి కావాలి. ఈ చలికి ఐదు, ఐదున్నర దాకా వేయండి. పెంచేది కూడా వారం పది రోజుల్లో మెల్లగా. వట్టి వరిగడ్డిలో బలం తక్కువ, మంచి ఎండుగడ్డి కలపండి.

మొక్కజొన్న బూజు పట్టి ఉంటే మాత్రం గింజ కూడా వేయొద్దు. పాడేరు వైపు ఉద్యోగం చేసిన రోజుల్లో అలాంటి గింజలు తిన్న గుర్రాన్ని చూశాను. గోడకు తల ఆనించి నిలబడింది, ఆ తర్వాత గుండ్రంగా తిరిగింది. రెండో రోజుకు పోయింది. బూజు విషం మెదడును కరిగించేస్తుంది, దానికి మందు లేదు. కోళ్ల దాణా కూడా వద్దు. అందులో కలిపే మోనెన్సిన్ కోడికి మందు, గుర్రానికి విషం.

లద్దె గట్టిపడిందంటే నీళ్లు తాగట్లేదనే నా అనుమానం. మంచులాంటి నీళ్లు మనమైనా తాగుతామా? గోరువెచ్చగా చేసి పెట్టండి, రోజుకు పది పన్నెండు లీటర్లయినా లోపలికి పోవాలి. దాణాలో రెండు మూడు టీస్పూన్ల ఉప్పు కలిపితే దాహం వేస్తుంది. మంచుకు వీపు తడిస్తే గోనెపట్టాతో గట్టిగా తుడవండి, తడి బొచ్చు చలిని ఆపలేదు.

ఇన్ని చేసినా గడ్డి మానేసి, మాటిమాటికీ పొట్ట వైపు తిరిగి చూస్తూ, ముందుకాలితో నేల గీకుతుంటే అది చలి కాదు, శూల. అప్పుడు మేత ఏదీ ముందు పెట్టకుండా మీ పశువుల డాక్టరుకు ఫోన్ చేయండి, అర్ధరాత్రయినా సరే.