పెసర పిండి రంగు గోడ, ఇంకో కంపెనీ డబ్బా

ప్రశ్న: ఒక కంపెనీ షేడ్ కార్డులో బూడిద కలిసినట్టుండే మాసిన ఆకుపచ్చ నచ్చింది. మాకు దగ్గర్లో వేరే కంపెనీ డీలర్ ఉన్నాడు. కోడ్ చూపిస్తే అచ్చంగా అదే రంగు కలిపి ఇస్తాడా?

కలిపి ఇస్తాడు. కావాలంటే డబ్బా మూత మీద ఆ కోడే మార్కర్‌తో రాసి మరీ ఇస్తాడు. ఇంటికొచ్చాక గోడ మీద ఏం కనిపిస్తుందనేది వేరే కథ. ఆ కథ మా ఇంట్లో జరిగింది కాబట్టి చెప్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు చేసే యూనిట్‌లో పనిచేస్తాను. మా పనిలో రంగు అంటే ఒక నంబరు, అంతే. 7035 అంటే లేత బూడిద, 7032 అంటే కాస్త మట్టి కలిసినట్టుండే బూడిద. జర్మనీవాళ్లు 1927లో 40 రంగులతో మొదలుపెట్టిన రాల్ పద్ధతి అది. నంబరు చెప్తే పౌడర్ కోటింగ్ చేసేవాడు ఇంకో మాట అడగడు. రేపు మరోచోట చేయించిన తలుపు తెచ్చి బిగించినా పక్కదానితో కలిసిపోతుంది. ఏళ్ల తరబడి ఆ లోకంలో ఉన్నవాణ్ని, ఇంటి గోడ రంగు కూడా అంతేననుకుని పప్పులో కాలేశాను.

మన కొట్లలో గోడ రంగులకి అలాంటి ఉమ్మడి నంబరు దాదాపు ఎవరూ వాడరు. ఏ కంపెనీ కార్డు దానిదే. ఏషియన్ పెయింట్స్‌కి ఎక్కువగా నాలుగంకెల కోడ్ ఉంటుంది, అందులోంచి రంగు గురించి మనకి తెలిసేది ఏమీ లేదు. డ్యూలక్స్‌వాళ్లు 30జీజీ 61/010 లాంటి కోడ్‌లు ఇస్తారు, అందులో ఏటవాలు గీతకి ముందున్న 61 ఆ రంగు ఎంత వెలుతురుని వెనక్కి కొడుతుందో చెప్తుంది. నలుపు సున్నా, తెలుపు వంద. కొంచెం నయం. ఇక పేర్లంటారా, ఆ ఇంగ్లీషు పేర్లు పెట్టేవాళ్లని ఏం చేయాలో నాకు తెలీదు. అన్నీ పొగమంచులూ అడవులూ వాన చినుకులే. గోడకి రంగు కొంటున్నామా, హనీమూన్ టికెట్లు కొంటున్నామా?

మా హాలుకి అయిదేళ్ల కిందట చెల్లి నిశ్చితార్థం ముందు రంగు వేయించాం. మా ఆవిడ ఏరికోరి ఎంచుకుంది. చిలకపచ్చ కాదు, ఆకుపచ్చ కాదు. గోరింటాకు పొడిలో చిటికెడు బూడిద కలిపినట్టుంటుంది. మా అమ్మ మాత్రం మొదటిరోజే దానికి "పెసర పిండి రంగు" అని పేరు పెట్టేసింది. పొట్టుతో రుబ్బిన పెసరట్టు పిండి చూశారుగా, సరిగ్గా అదే.

కిందటి వేసవిలో హాల్లో ఏసీ పెట్టించాం. కాపర్ పైపు కోసం గోడ తవ్వి, పూడ్చి, పుట్టీ పెట్టేసరికి నాలుగడుగుల పొడవున తెల్లటి చార మిగిలింది. పాత రంగు కొన్న కొట్టు అప్పటికే ఎత్తేశారు. అదే కంపెనీ పెయింట్ ఇంకో కొట్లో దొరుకుతుంది కదా అంటారేమో. దొరుకుతుంది. కానీ మా పెయింటర్ వినలేదు. "దానికంటే ఇది బాగా కవరింగ్ ఇస్తుంది సార్, రంగు నేను కలిపిస్తాగా" అన్నాడు. డబ్బాలో పెయింటర్ల కోసం టోకెన్ ఉంటుందని, ఇప్పుడైతే ఫోన్‌తో స్కాన్ చేస్తే వాళ్లకి పాయింట్లు పడతాయని నాకూ తెలుసు. పాపం అతని కూలికి అదో ఆసరా, కాదనను. అయితే డబ్బు మనది, గోడ మనది, బ్రాండు మాత్రం టోకెన్‌ది. ఈ పద్ధతి ఉన్నంతకాలం పెయింటర్ సలహాని సలహాగా తీసుకోకండి.

సరే, కొట్టుకి వెళ్లాం. డైరీలో రాసుకున్న పాత కోడ్ చెప్పాను. వాళ్ల కంప్యూటర్‌లో పక్క కంపెనీ కోడ్‌లకి కూడా ఫార్ములాలు ఉంటాయట. కుర్రాడు నాలుగు నొక్కులు నొక్కాడు, మెషిన్ బేస్‌లో, అంటే రంగు కలపని పెయింట్‌లో, మూడు నాలుగు రంగుల చుక్కలు వదిలింది, షేకర్‌లో గడగడలాడించి తీశారు. చుక్క తీసి కార్డు మీద రాసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి చూపించాడు. గోడ తవ్వినప్పుడు రాలిన పెచ్చు ఒకటి నేను తీసుకెళ్లాను, అది పక్కన పెట్టి చూశాం. ఏది పాతదో ఏది కొత్తదో తెలీనంత బాగా కలిసింది. లీటరు డబ్బా తెచ్చేశాం.

పెయింటర్ సాయంత్రానికి రెండు కోటింగ్‌లు వేసి, కూలి తీసుకుని వెళ్లిపోయాడు. రాత్రి ట్యూబ్ లైట్ కింద చూశాను, చార ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. హాయిగా పడుకున్నాను.

పొద్దున ఏడింటికి అమ్మ కేక. "ఒరేయ్, ఇదేంట్రా, బంగారంలాంటి గోడకి మాసిక వేయించావు?"

వెళ్లి చూస్తే తూర్పు కిటికీలోంచి ఎండ పడుతోంది. గోడంతా పెసర పిండి, మధ్యలో నాలుగడుగుల నీలం చార. నీలం అంటే పూర్తి నీలం కాదు, నీలం కలిసిన పచ్చ. ఇంకా ఆరలేదేమో అనుకున్నాను. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు లేతగా ఉండి ఆరాక ముదురుతుంది, అది నిజమే, కానీ పచ్చ నీలంగా మారదు. ఆ సాయంత్రం ఫాల్స్ సీలింగ్‌లో పసుపు లైట్లు వేస్తే అదే చార సిమెంటు రంగులో కనిపించింది. ట్యూబ్ లైట్ వేయగానే మాయం. నాకు పిచ్చెక్కింది.

అమ్మ ఒకటే ప్రశ్న అడిగింది. "కొట్లో ఎక్కడ నిలబడి చూశావు?"

"లోపలే, లైటు కింద."

"చీర మీదికి జాకెట్ గుడ్డ తీసుకునేటప్పుడు మేం ఏం చేస్తామో ఎప్పుడైనా చూశావురా? బయటికి తెచ్చి ఎండలో పట్టుకుంటాం."

బీసెంట్ రోడ్డులో ఏ మ్యాచింగ్ సెంటర్ ముందైనా కాసేపు నిలబడండి. చీర కొంగు ఒక చేతిలో, గుడ్డ ఇంకో చేతిలో పట్టుకుని ఆడవాళ్లు బయటికి వచ్చి చూస్తూనే ఉంటారు. దీనికి మెటామెరిజం అని పెద్ద పేరుంది, నేను తర్వాత తెలుసుకున్నాను. ఒక లైటు కింద ఒకేలా కనిపించే రెండు రంగులు ఇంకో లైటు కింద విడిపోవడం. అటక మీద పాత ఖాళీ డబ్బా ఇంకా ఉంది, దించి, ఏమేం కలిపారో రాసుండే స్టిక్కర్ చూశాను. అందులో ఎల్లో ఆక్సైడ్ అనే మట్టి పసుపు, నలుపు, కొంచెం పచ్చ. కొత్త డబ్బాలో నీలం వైపు మొగ్గే పచ్చ, పసుపు, ఆ పచ్చని చంపడానికి రవ్వంత ఎరుపు. ఒకరు నలుపుతో మాయించారు, ఇంకొకరు ఎరుపుతో మాయించారు. వాడిన పదార్థాలే వేరైనప్పుడు ఎండకి ఒకలా, బల్బుకి ఒకలా కనిపించక చస్తాయా? ముదురు ఎరుపో పసుపో అయితే కొద్ది తేడాని కన్ను వదిలేస్తుంది. ఈ మాసిన పచ్చ వదలదు, ఒక్క చుక్క అటైతే నీలం, ఇటైతే ఆవపిండి.

మర్నాడు అమ్మ కూడా కొట్టుకి బయల్దేరింది. కుర్రాడు ఆరబెట్టిన కార్డు ఇవ్వగానే పెచ్చుతో సహా ఫుట్‌పాత్ మీదికి నడిచింది. ముందు ఎండలో చూసింది, తర్వాత షట్టర్ నీడలో. "నీలం కొడుతోంది బాబూ" అని లోపలికి. మళ్లీ చుక్క, మళ్లీ కార్డు, మళ్లీ బయటికి. రెండోసారి "ఇప్పుడు పసుపెక్కువైంది."

"మెషిన్ కరెక్ట్‌గానే చూపిస్తోందమ్మా" అన్నాడు కుర్రాడు.

"మెషిన్ మా ఇంటికొచ్చి కూర్చుంటుందా నాయనా?"

ఓనర్ మొహం మాడ్చుకున్నాడు. మూడో కార్డుకి అమ్మ తల ఊపింది. ఆ కార్డు ఇంటికి తెచ్చి గోడకి టేపుతో అంటించి పొద్దున, మధ్యాహ్నం, రెండు రకాల లైట్ల కింద చూశాకే నాలుగు లీటర్లు కొన్నాను. నన్నడిగితే ఆ మెషిన్ల కంటే ముప్పై ఏళ్లు జాకెట్ గుడ్డలు కొన్న మనిషి కన్ను నయం.

నాలుగు లీటర్లు ఎందుకంటే, ఈసారి చార ఒక్కటే వేయించలేదు. మూల నుంచి మూలకి గోడంతా వేయించాను. గోడ మధ్యలో అతుకు అదే కంపెనీ, అదే కోడ్ అయినా కనిపిస్తుంది. అయిదేళ్ల ఎండకి పాతది వెలిసి ఉంటుంది, పైగా కంపెనీ మారితే ఒకరి మ్యాట్, అంటే మెరవని రకం పెయింట్, పొడిగా ఉంటే ఇంకొకరి మ్యాట్‌లో చిన్న మెరుపు ఉంటుంది. మూల దగ్గర గోడ తిరిగితే వెలుతురు ఎలాగూ మారుతుంది, అక్కడ తేడా ఉన్నా కన్ను పట్టదు.

మీకు నచ్చింది కార్డులో రంగు కాబట్టి మీ పని తేలికే. కోడ్ కాదు, ఆ కార్డు ముక్కే కొట్టుకి తీసుకెళ్లండి. ఫోన్లో ఫొటో చూపిస్తే మాత్రం మీ ఖర్మ. పాత గోడకి కలపాలంటే రూపాయి బిళ్లంత పెచ్చు బ్లేడుతో తీయండి, ముందు తడిగుడ్డతో దుమ్ము తుడవండి. స్విచ్ బోర్డు ప్లేటు వెనక ఎండ తగలని అసలు రంగు ఉంటుంది. ఇల్లంతా మళ్లీ వేసేటట్టయితే అక్కడిది, ఒక్క గోడే అయితే బయట వెలిసినదే తీయాలి. రెండు మూడు డబ్బాలు కొంటే అన్నీ ఒకే బకెట్‌లో పోసి కలిపాకే రోలర్ ముంచనివ్వండి. పెయింటర్ గొణుగుతాడు, గొణగనివ్వండి.

మొదటి తప్పు డబ్బాలో ముప్పావు లీటరు మిగిలింది. పారేయడం ఎందుకని స్టోర్ రూమ్‌లో బియ్యం డ్రమ్ము వెనక గోడకి వేయించాం. అక్కడ కిటికీ లేదు, ఒక్క ట్యూబ్ లైటే. అచ్చం మా హాలు రంగులాగే ఉంది.