పాత కారుకు కొత్త సైలెన్సర్: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మా నాన్నగారు 1971లో కొన్న అంబాసిడర్ మార్క్ 2 ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఇంజను నిక్షేపంగా ఉంది గాని, సైలెన్సర్ డబ్బాకు అడుగున చిల్లులు పడ్డాయి. ఊళ్లోని మెకానిక్ పాతదాని కొలతలతోనే కొత్తది చేయిస్తానంటున్నాడు. బెంగళూరులోని ఒక షాపువారు మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు ‘ఫ్రీ ఫ్లో’ (పొగకు అడ్డు తక్కువగా ఉండే లావు పైపు) సైలెన్సర్ వేయించుకుంటే పికప్ పెరుగుతుందని, శబ్దం కూడా గంభీరంగా ఉంటుందని చెబుతున్నారు. ఏది మంచిది? చట్టపరంగా ఇబ్బంది వస్తుందా? కారును వింటేజ్ కింద రిజిస్టర్ చేయించే ఆలోచన కూడా ఉంది.
– ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: ఆకారం, కొలతల విషయంలో మీ మెకానిక్ మాట వినండి, లోహం విషయంలో బెంగళూరువారి మాట వినండి. 1489 సీసీ ఇంజనుకు అవసరానికి మించి లావు పైపు వేస్తే పొగ వేగం తగ్గి, తక్కువ స్పీడులో ఇంజను లాగే శక్తి పడిపోతుంది. మీ కారు రోజూ తిరిగేది ఆ తక్కువ స్పీడులోనే కనుక, పికప్ పెరుగుతుందన్న ఆశతో ఈ మార్పు చేయడం డబ్బు దండగ అని మా అభిప్రాయం. పాత పైపు లోపలి, బయటి వ్యాసాలను కొలిపించి, వంపుల దగ్గర పైపు నొక్కుకుపోకుండా వంచగలిగిన వారి చేతనే పని చేయించండి.

అనంతపురం వంటి వానలు తక్కువ పడే ఊళ్లో సైలెన్సర్ ఎందుకు తుప్పు పట్టిందన్న అనుమానం మీకు కలిగే ఉంటుంది. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీరు పుడుతుంది. దూరప్రయాణంలో పైపు బాగా వేడెక్కి ఆ నీరంతా ఆవిరిగానే బయటకు పోతుంది గాని, ఇంటి నుంచి బజారుకు వెళ్లి వచ్చేంత దూరంలో అది డబ్బా అడుగున చేరి, పొగలోని ఆమ్లాలతో కలిసి రేకును లోపలి నుంచే తినేస్తుంది. అందువల్ల పైన ఎన్ని పూతలు పూసినా మామూలు ఇనుము ఎక్కువ కాలం నిలవదు. స్టెయిన్‌లెస్‌లో 304 రకం తుప్పును బాగా తట్టుకుంటుంది. 409 రకం చవక, పైపైన రంగు మారినా చాలా ఏళ్లు పనిచేస్తుంది. 409కు అయస్కాంతం అంటుకుంటుంది, 304కు సాధారణంగా అంటుకోదు కనుక, మీరు డబ్బు చెల్లించినది ఏ రకానికో షాపులోనే తేల్చుకోవచ్చు. అయితే వేడికి 304 మామూలు ఉక్కు కంటే ఇంచుమించు ఒకటిన్నర రెట్లు ఎక్కువ సాగుతుంది కాబట్టి, దానిని వేలాడదీసే రబ్బర్లకు కదలడానికి చోటు వదలాలి.

ఇక చట్టం. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 120వది, పొగ శబ్దాన్ని వీలైనంత తగ్గించే సైలెన్సర్ ప్రతి వాహనానికీ ఉండాలంటుంది. 112వ నిబంధన ప్రకారం పొగ కిందికి గాని, ఎడమ పక్కకు గాని వెలువడకూడదు. 113 ప్రకారం పెట్రోలు పైపుకు, పొగ పైపుకు మధ్య కనీసం 35 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించిన బండిని నడిపితే, మోటారు వాహనాల చట్టంలోని 190(2) సెక్షన్ కింద, 2019 సవరణ తరువాత, 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు; లైసెన్సుపైనా వేటు పడుతుంది. పాడైనదాని స్థానంలో అదే తీరుది, అంతే నిశ్శబ్దంగా పనిచేసేది వేయించుకోవడం మార్పు కాదు, మరమ్మతు మాత్రమే. లోపలి అడ్డుపలకలు తీసేసిన డబ్బా వేయించుకున్నప్పుడే చిక్కు. శబ్దం గంభీరంగా ఉందన్న సంతోషం మీకు కలగవచ్చు గాని, ఆసుపత్రి ముందు నుంచి వెళ్లేటప్పుడు రోగులకు అది ఎలా వినిపిస్తుందో కూడా ఆలోచించాలి.

వింటేజ్ విషయంలో తొందరపడవద్దు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉన్న కారుకు పదేళ్ల రిజిస్ట్రేషన్ ఇస్తారు. కొత్తగా చేయించుకోవడానికి రుసుము 20,000 రూపాయలు. మీ కారుకు ఆ అర్హత ఉంది, పాత తీరు సైలెన్సర్ ఉంటే తనిఖీలోనూ మాట రాదు. కానీ అలా రిజిస్టరైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి, సాంకేతిక పరిశోధనకు తప్ప రోజువారీ అవసరాలకు రోడ్డెక్కించకూడదు. ఆదివారాలు కుటుంబంతో తాడిపత్రికో కదిరికో వెళ్లి రావాలనుకుంటే మామూలు రిజిస్ట్రేషన్‌నే అయిదేళ్లకొకసారి రెన్యూవల్ చేయించుకోండి.

బిగించే రోజున దగ్గరుండి చూడండి. మొదట అన్ని క్లాంపులూ వదులుగా పెట్టి, పైపు తన బరువుతో తానే సరైన చోట వేలాడేటట్లు సర్దిన తరువాతే ముందు నుంచి వెనక్కు వరుసగా బిగించాలి. బలవంతంగా లాగి బిగిస్తే ఇంజను ఊగినప్పుడల్లా ఆ ఒత్తిడి ఇంజను నుంచి పొగను పైపులోకి చేర్చే మేనిఫోల్డ్ మీద పడి పోత ఇనుము పగులుతుంది. అతుకుల మధ్య పెట్టే పాత ప్యాకింగును మళ్లీ వాడనివ్వవద్దు. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు తప్పించాలి. వెనుక గొట్టం బంపర్ దాటి బయటకు ఉండాలి, లేకుంటే పొగ డిక్కీలోకి చేరుతుంది. కొత్త పైపు ఒకసారి బాగా వేడెక్కి చల్లారాక నట్లను మరోసారి బిగించాలి.

ప్రశ్న: మా ప్రీమియర్ పద్మినిలో యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనుక టపటపమని పేలుతోంది, కారులో పొగ వాసన కూడా వస్తోంది. కార్బురేటర్ సరిచేయిస్తే పోతుందా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: అమ్మా, ఆ పేలుళ్లకూ వాసనకూ పైపు లీకే కారణం కావచ్చు, ముందు పైపు అతుకులు చూపించండి. ఇంజను నడుస్తుండగా గొట్టం చివర మందపాటి తడిగుడ్డతో ఒక్క క్షణం అడ్డుపెట్టమని మెకానిక్‌తో చెప్పండి. లీకు ఉన్నచోట బుస్సుమనే శబ్దం వినిపిస్తుంది, అక్కడ నల్లటి మసి కూడా కనిపిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు గనుక, పొగ వాసన వస్తోందంటే ఆ విషవాయువు కూడా లోపలికి వస్తోందనే భావించి, లీకు మూయించేదాకా కారు తీయకండి. కార్బురేటర్ పని ఆ తరువాతే. లీకు గుండా బయటి గాలి కలుస్తుంటే పొల్యూషన్ పరీక్షలో అంకెలు ఉన్నదాని కంటే తక్కువగా వస్తాయి. మీ కారు వంటి పాత పెట్రోలు కార్లకు ఐడ్లింగులో (బండి ఆగి ఇంజను నడుస్తున్నప్పుడు) కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం, హైడ్రోకార్బన్‌ల (పూర్తిగా మండని ఇంధనం) పరిమితి 1500 పీపీఎం (పది లక్షల్లో 1500 భాగాలు). లీకు మూయించిన తరువాత వచ్చిన అంకెలనే నమ్మి, వాటిని బట్టి కార్బురేటర్ సరిచేయించండి.