పాత స్నేహితులతో రెండు రోజులు: స్వీట్ల కన్నా షుగర్ పడిపోవడంతోనే జాగ్రత్త

ప్రశ్న: నా వయసు 54. పదేళ్లుగా షుగర్ ఉంది. ఉదయం, రాత్రి గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటాను. ఈమధ్య అరికాళ్లలో తిమ్మిర్లు వస్తున్నాయి. శ్రీకాకుళంలో డిగ్రీ చదివిన మా బ్యాచ్ అంతా వచ్చే శని, ఆదివారాల్లో కలుస్తున్నాం. శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో రైలెక్కి ఆమదాలవలసలో దిగుతాను. శనివారం కాలేజీలో కార్యక్రమం, రాత్రి పార్టీ. ఆదివారం పొద్దున అరసవల్లి, తర్వాత శాలిహుండం, కళింగపట్నం బీచ్. ఇంట్లో వద్దంటున్నారు. స్వీట్లు తినకుండా ఉంటే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: తప్పకుండా వెళ్లండి. మీరు రాసినదాంట్లో ప్రయాణం మానుకోవాల్సిన కారణం నాకు కనిపించలేదు. అయితే మీ టెన్షన్ అంతా స్వీట్ల గురించి, నాది షుగర్ పడిపోవడం గురించి. ఒక పూట స్వీటు తింటే షుగర్ పెరిగి మళ్లీ దారికొస్తుంది. అలా తిన్నానని మాత్ర మాత్రం ఒకటి ఎక్కువ వేసుకోకండి. గ్లిమిపిరైడ్ మీరు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటుంది. కాలేజీలో ఒంటిగంటకు అనుకున్న భోజనం మాస్టార్ల సన్మానాలు, ఫొటోలు అయ్యేసరికి మూడు దాటుతుంది. ఆ రెండు గంటల్లోనే షుగర్ పడిపోవచ్చు.

పార్టీ అన్నారు కాబట్టి మందు సంగతీ చెప్పాలి. షుగర్ తగ్గినప్పుడు కాలేయం తన దగ్గరున్న గ్లూకోజును రక్తంలోకి వదిలి మనల్ని కాపాడుతుంది. ఆల్కహాల్ ఆ పనికి అడ్డుపడుతుంది. దాని ప్రభావం మర్నాటి వరకూ ఉండవచ్చు. మానేస్తే అన్నిటికన్నా మంచిది. తాగేవాళ్లు ఖాళీ కడుపుతో అసలు ముట్టుకోకూడదు.

ఇక్కడ నన్ను ఎక్కువగా భయపెట్టే విషయం ఒకటుంది. చెమటలు, చేతుల వణుకు, మాట తడబడటం, తూలడం, ఊరికే విసుక్కోవడం... షుగర్ పడిపోయిన మనిషి అచ్చం తాగిన మనిషిలాగే కనిపిస్తాడు. "వీడికి ఎక్కువైందిరా, పడుకోబెట్టేద్దాం" అని స్నేహితులు గదిలో పడుకోబెట్టి, దుప్పటి కప్పి, లైటు తీసేసి వెళ్తారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఆ నిద్రలోనే స్పృహ పోయి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే మీతో గదిలో ఉండే స్నేహితుడికి శనివారం పొద్దున్నే చెప్పేయండి: "నాకు షుగర్ ఉంది, నేను తేడాగా మాట్లాడితే ముందు షుగర్ చూడు." గ్లూకోమీటర్ ఎలా వాడాలో కూడా చూపించండి. ఇందులో మొహమాటపడేదేమీ లేదు.

రీడింగ్ 70 కన్నా తక్కువ ఉంటే మూడు, నాలుగు టీస్పూన్ల పంచదార గానీ గ్లూకోజ్ పొడి గానీ నీళ్లలో కలిపి తాగాలి. మీటర్ అందుబాటులో లేకపోయినా అనుమానం వస్తే ఇదే చేయాలి. పదిహేను నిమిషాలాగి మళ్లీ చూడండి. పెరగకపోతే మరోసారి తాగండి, పెరిగాక అన్నమో టిఫినో తినండి. బ్యాగులో పలాస జీడిపప్పు ఉంది కదా అనుకోవద్దు. జీడిపప్పు, కోవా లాంటి వాటిలో కొవ్వు ఎక్కువ, షుగర్ త్వరగా లేవదు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ మాత్ర వాడేవాళ్లకు తేరుకున్నాక కూడా కొన్ని గంటలకు షుగర్ మళ్లీ పడిపోవచ్చు, అందుకని ఆసుపత్రిలో చూపించుకోవడమే మేలు.

ఆదివారం అరసవల్లిలో రద్దీ ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. దర్శనమయ్యాకే టిఫిన్ అనుకుంటే, మాత్ర కూడా టిఫిన్‌తోనే వేసుకోండి. మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో క్యూలో నిలబడొద్దు. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాలి.

తిమ్మిర్లున్న అరికాలికి వేడి సరిగా తెలియదు. ఎండెక్కిన గుడి నేల మీద నడిచి, సాయంత్రం బొబ్బలు చూసుకునేదాకా కాలిందని తెలియనివాళ్లుంటారు. కాబట్టి ఎండ ముదరకముందే దర్శనం చేసుకోండి. శాలిహుండం కొండకు అలవాటైన బూట్లే వేసుకోండి, రీయూనియన్ కోసం కొన్న కొత్తవి వద్దు. కళింగపట్నంలో అందరూ చెప్పులు విప్పి ఇసుకలోకి దిగినా మీరు విప్పకండి. రాత్రి ఫోన్ లైటు వేసి అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోండి. బొబ్బ కనిపిస్తే చిదమకుండా డాక్టర్‌కు చూపించండి. కొండ ఎక్కేటప్పుడు గుండె బరువుగా ఉన్నా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా గ్యాస్ అని సరిపెట్టుకోకుండా అక్కడే కూర్చుని సాయం పిలవండి.

బయల్దేరే ముందు మీ డాక్టర్‌ను ఒక్క మాట అడగండి: పార్టీ రాత్రి మాత్ర డోసు తగ్గించాలా? మందులు, మీటర్ బెర్తు కింద పెట్టే సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి. తిరిగి వచ్చిన వారంలోనే పాదాల పరీక్ష చేయించుకోండి. కిడ్నీ, కంటి పరీక్షలతో పాటు విటమిన్ బి12 కూడా చూపించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గవచ్చు, దానివల్లా తిమ్మిర్లు వస్తాయి. మీ సమస్య అదే అయితే మందులతో చాలావరకు తగ్గించవచ్చు.